పసుపు క్యాన్సర్‌ను ఆపుతుందా? మాత్రలు కొనే ముందు ఇది వినండి

నా ఫోన్‌కి పదే పదే వచ్చే ఫార్వర్డ్ ఒకటుంది: "పసుపు, మిరియాలు తింటే క్యాన్సర్ రాదు." ఇందులో నిజమెంత? ఈ రోజు అదే మాట్లాడుకుందాం.

పసుపులో కర్కుమిన్ అనే పదార్థం ఉంది. ల్యాబ్‌లో పెంచిన క్యాన్సర్ కణాల మీద వేస్తే వాటి పెరుగుదల తగ్గింది. ఇది నిజమే. కానీ మన ఒళ్లు గాజు పాత్ర కాదు కదా! పసుపు పొడిలో కర్కుమిన్ ఉండేదే సుమారు 3 శాతం. అందులోనూ రక్తంలోకి చేరేది చాలా తక్కువ. మరి మిరియాలు ఎందుకంటారు? 1998లో బెంగళూరు పరిశోధకులు 2 గ్రాముల కర్కుమిన్‌తో పాటు మిరియాల్లో ఉండే పైపెరిన్ 20 మిల్లీగ్రాములు ఇచ్చారు. రక్తంలోకి చేరేది సుమారు 20 రెట్లు పెరిగింది. అయితే రక్తంలోకి చేరడం వేరు, క్యాన్సర్ రాకుండా ఆపడం వేరు. ఆ రెండోది మనుషుల్లో ఇంకా రుజువు కాలేదు.

"సహజమైనదే కదా, మాత్ర వేసుకుంటే పోయేదేముంది?" అంటారా? ఫిన్లాండ్‌లో ఏం జరిగిందో వినండి. క్యారెట్‌కి రంగునిచ్చే బీటా కెరోటిన్ మాత్రల్ని, పొగతాగే మగవాళ్లు 29 వేల మందికి పైగా ఉన్న అధ్యయనంలో పరీక్షించారు. 1994లో ఫలితం వచ్చింది. మాత్ర వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ! పసుపు మాత్రలతో కూడా కొందరికి కాలేయం దెబ్బతింది. కూరలో చిటికెడు పసుపుకి భయపడక్కర్లేదు, నేను చెప్పేది మాత్రల గురించి.

మరి ఏం తినాలి? పీచు ఉన్నవి. జొన్నలు, రాగులు, దంపుడు బియ్యం, పప్పులు, ఆకుకూరలు. పీచుని పేగుల్లోని బ్యాక్టీరియా బ్యూటిరేట్‌గా మారుస్తుంది. పెద్దపేగు గోడ కణాలకు అదే ఆహారం. పీచు, ముడిధాన్యాలు ఎక్కువ తినేవాళ్లలో పెద్దపేగు క్యాన్సర్ తక్కువగా కనిపిస్తోంది. ముప్పు తగ్గుతుందన్నమాట, అసలు రాదని కాదు.

వీటన్నిటికంటే ముందు సిగరెట్, గుట్కా, మందు మానేయండి. పొగాకు లేని వక్కపొడి కూడా క్యాన్సర్ కారకమే. గుట్కా నములుతూ పసుపు పాలు తాగితే లాభం లేదు.

చివరిగా ఒక్క మాట. నోట్లో పుండు మూడు వారాలైనా మానకపోయినా, ఒంట్లో ఎక్కడైనా గడ్డ తగిలినా, వంటింటి వైద్యంతో రోజులు గడపకండి. డాక్టర్‌కి చూపించండి. ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ చికిత్స జరుగుతుంటే, ఏ మాత్ర అయినా డాక్టర్‌ని అడిగాకే ఇవ్వండి. ఫార్వర్డ్ నమ్మి చికిత్స మాత్రం ఆపకండి. ఆ ఫార్వర్డ్ వచ్చిన గ్రూప్‌లోనే దీన్నీ షేర్ చేయండి. ఉంటాను.