మందుకు ముందు పత్రం పక్కాగా!
పటాన్‌చెరు: పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం పారిశ్రామికవాడల్లోని ఔషధ పరిశ్రమల్లో మందు ఎంత ముఖ్యమో, దాని తయారీ పత్రమూ అంతే ముఖ్యం. ఏ ముడిసరుకు ఎంత వేశారు, ఎన్ని డిగ్రీల వద్ద ఎంతసేపు ఉంచారు, ఎవరు సరిచూశారు అన్న వివరాలన్నీ బ్యాచ్ రికార్డులో నమోదు కావాలి. నమోదు కాని పనిని తనిఖీ అధికారులు జరగని పనిగానే పరిగణిస్తారు.

చిక్కల్లా పాత ప్రతులతోనే. తయారీ విధానం మారాక కార్యాలయంలో కొత్త పత్రం, ప్లాంటులో పాత జిరాక్సు ఉంటే మొత్తం బ్యాచ్‌నే పక్కన పెట్టాల్సి రావచ్చు. డాక్యుమెంట్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ ఉద్దేశం ఈ ఇబ్బందిని తొలగించడమే. ఇందులో చెల్లుబాటయ్యే ప్రతి ఒక్కటే ఉంటుంది. ఒకరు సవరిస్తుండగా మరొకరు మార్చలేరు. నాణ్యతా విభాగం ఆమోదించాకే కొత్త ప్రతి అమల్లోకి వస్తుంది. పాతది చెరిగిపోకుండా భద్రంగా ఉంటుంది. ఎవరు, ఎప్పుడు, ఏమి మార్చారో ‘ఆడిట్ ట్రయల్’ తెలుపుతుంది.

అమెరికా మార్కెట్‌కు మందులు పంపే సంస్థల ఎలక్ట్రానిక్ రికార్డులు, సంతకాలకు అక్కడి ఎఫ్‌డీఏ 1997లో తెచ్చిన ‘పార్ట్ 11’ నిబంధనలు వర్తిస్తాయి. మన దేశంలోనూ 2023 డిసెంబరులో సవరించిన షెడ్యూల్-ఎం కంప్యూటర్ వ్యవస్థలకు నియమాలు నిర్దేశించింది.

అయితే సాఫ్ట్‌వేర్ కొన్నంత మాత్రాన సరిపోదు. షిఫ్టు మారే హడావుడిలో ఒకరి పాస్‌వర్డ్‌ను నలుగురు వాడితే, రికార్డులో పేరు ఒకరిది, పని మరొకరిది అవుతుంది. ఆంగ్లంలోని పత్రం యంత్రం వద్ద నిలబడే కార్మికుడికి అర్థం కాకపోతే, అది ఎంత భద్రంగా ఉన్నా ఫలితం శూన్యం. వారి భాషలో శిక్షణ ఇచ్చినప్పుడే రోగికి చేరే మాత్రకు భరోసా ఉంటుంది.