ఆ గీత సరిగ్గా పడాలి



కిందటేడు మా ఆడపడుచుకు ఎడమ రొమ్ములో గడ్డ వస్తే ఆపరేషను చేశారు. తర్వాత కరెంటు పెట్టాలన్నారు. అదేనండీ, రేడియేషన్ వైద్యం. స్కాను తీశారు గదా, రేపే మొదలుపెడతారనుకుంటే, "వారం తర్వాత రండి" అన్నారు. "ఇంకా ఆలస్యమెందుకు వదినా? నా సంగతి ఎవరికీ పట్టలేదా?" అని తను కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాకూ కోపం వచ్చింది. వెళ్ళి డాక్టరమ్మను అడిగితే, ఆవిడ ఓపిగ్గా కంప్యూటరు తెర మీద చూపించింది. ఆ చూసిందే మీకూ చెబుతాను.

సీటీ స్కాను అంటే ఒక్క ఫోటో కాదు. రొట్టెను ముక్కలు కోసినట్టు, ఛాతీని రెండు మూడు మిల్లీమీటర్లకొకటి చొప్పున అడ్డంగా చూపే బొమ్మలు వందకు పైనే ఉంటాయి. అన్నీ నలుపు తెలుపు నీడలే. వాటిలో గుండె ఏది, ఊపిరితిత్తి ఏది, గడ్డ తీసిన చోటేది అని అంచుల వెంబడి గీతలు గీయాలి. కిరణాలు ఎక్కడ పడాలో ఆ గీతలే చెబుతాయి. గీత లోపలికి జరిగితే జబ్బు మిగిలిపోవచ్చు. బయటికి జరిగితే పక్కనున్న గుండెకు దెబ్బ.

అన్నీ చేత్తో గీయాలంటే గంటలు పడుతుంది. అందుకే సాయానికి కంప్యూటరు పద్ధతులు వచ్చాయి. 1988లో ముగ్గురు శాస్త్రజ్ఞులు 'పాము' అని పేరుపెట్టి ఒక పద్ధతి ప్రచురించారు. అంచు దగ్గర ఉజ్జాయింపుగా గీత గీస్తే, అది పాములా కదిలి నీడ మారేచోట అతుక్కుంటుంది. 1995లో 'తెలివైన కత్తెర' వచ్చింది. ముగ్గుకు చుక్కలు పెట్టినట్టు మనం అక్కడక్కడ మౌసు నొక్కితే, చుక్కలను అంచు వెంబడి అదే కలుపుతుంది. 2001లో వచ్చిన ఇంకో పద్ధతిలో, "ఇది కావాలి, ఇది వద్దు" అని రెండుచోట్ల గుర్తు పెడితే మిగతాది అదే వేరుచేస్తుంది. ఇప్పుడైతే ఎన్నో బొమ్మలు చూసి నేర్చుకున్న కంప్యూటరు తనంతట తానే గుండెనూ ఊపిరితిత్తులనూ గీసి పెడుతోంది.

మరి ఇక డాక్టరెందుకు? నేనూ అదే అడిగాను. ఆవిడ ఒక బొమ్మ చూపింది. గాలితో నిండిన ఊపిరితిత్తి నల్లగా ఉంది గనుక అక్కడ గీత చక్కగా కుదిరింది. ఆపరేషను జరిగినచోట మాత్రం కండ, ఊరిన నీరు, గాయం మచ్చ ఇంచుమించు ఒకే బూడిదరంగు. అక్కడ గీత పక్కకు జారింది. ఆవిడ మౌసుతో లాగి సరిచేసింది. "దీనికి నీడలు తెలుసమ్మా. సర్జన్ గారు కాగితంలో ఏం రాశారో తెలియదుగా!" అంది. ఆ తర్వాత ఫిజిక్సు చదివిన నిపుణులు కిరణాల మోతాదు లెక్కగట్టి, సరిచూసుకోవాలట. వారం ఎందుకు పట్టిందో అప్పుడర్థమైంది.

ఎవరికీ ఈ అవసరం రాకూడదు. వస్తే మాత్రం పాత రిపోర్టులన్నీ వెంట తీసుకెళ్ళండి. స్కాను తీసేటప్పుడు చెప్పిన తీరున కదలకుండా పడుకోండి. ఒంటిమీద పెట్టిన గుర్తులు తోమి చెరపకండి. "కంప్యూటరు గీసిన గీతలు ఎవరు సరిచూస్తున్నారండీ?" అని అడగండి. చెప్పిన రోజుకు పిలవకపోతే అదీ అడగండి. అడగడం తప్పు కాదు.

మా ఆడపడుచు వైద్యం పూర్తయింది. మొన్న సంక్రాంతికి వాకిట్లో ముగ్గు తనే వేసింది.