ఎనిమిది కోసం పుట్టిన సెలవు

మేడే అంటే ఎర్రజెండా, యూనియన్ ఆఫీసు ముందు మైకు, మధ్యాహ్నానికి ఇంటికి చేరే ఊరేగింపు. ఇదంతా మొదలైంది మాత్రం ఒక అంకె కోసం: 8.

అమెరికా కార్మిక సంఘాల సమాఖ్య 1884లోనే గడువు పెట్టింది. 1886 మే 1 నుంచి రోజుకు 8 గంటలే పని అని. ఆ రోజు రానే వచ్చింది, దేశమంతటా సుమారు 3 లక్షల మంది పని మానేశారు. షికాగోలో 3న మెకార్మిక్ ఫ్యాక్టరీ దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు. దానికి నిరసనగా 4న హేమార్కెట్‌లో సభ పెట్టారు. జనం చెదిరిపోతున్న వేళ పోలీసుల మీద బాంబు పడింది. విసిరిందెవరో ఈనాటికీ తేలలేదు. శిక్షలు మాత్రం 8 మందికి పడ్డాయి (ఇక్కడా అదే అంకె!). ఏడుగురికి మరణశిక్ష, ఒకరికి 15 ఏళ్ల జైలు. 1887 నవంబర్ 11న నలుగురిని ఉరితీశారు. ముందురోజే ఒకరు జైలు గదిలో ప్రాణం తీసుకున్నారు, ఇద్దరికి శిక్ష యావజ్జీవానికి తగ్గింది. మిగిలిన ముగ్గురికీ 1893లో గవర్నర్ ఆల్ట్‌గెల్డ్ క్షమాభిక్ష పెట్టాడు. విచారణే న్యాయంగా సాగలేదన్నాడు.

1889లో పారిస్ సోషలిస్టు మహాసభ పిలుపుతో 1890 నుంచి మేడే దేశదేశాలకూ పాకింది. పుట్టింట్లోనే దీపం లేదు: అమెరికాలో కార్మికుల సెలవు సెప్టెంబర్ మొదటి సోమవారం, 1894 చట్టం ప్రకారం.

మన దేశంలో తొలి మేడే 1923లో మద్రాసులో కార్మిక నాయకుడు సింగారవేలు జరిపాడు. కోస్తాకూ సీమకూ అప్పుడు అదే రాజధాని.

మరి ఆ 8 మనకు దక్కిందా? 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ తన మొట్టమొదటి ఒడంబడికలోనే రోజుకు 8, వారానికి 48 గంటలు అని రాసింది. ఇండియాకు మాత్రం 60 గంటల మినహాయింపు! అది 1934లో 54కి, 1946లో 48కి దిగింది. 1948 ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 ఉంచి, రోజుకు 9 దాకా ఒప్పుకుంది. 2025 జులైలో తెలంగాణ వాణిజ్య సంస్థలకు రోజుకు 10 గంటల దాకా వీలిచ్చింది. వారానికి 48 దాటితే ఓవర్‌టైమ్ కట్టాలి.