రేడియో అయొడిన్ మోతాదు నిర్ణయము

పట్టిసీమ ఎత్తిపోతల పథకమునందు 24 పంపులు గోదావరి నీటిని పోలవరం కుడి కాలువలోనికి ఎత్తిపోయును. నదినుండి ఎంత నీరు తోడినది గాక, చేనికి ఎంత చేరినది, అక్కడ ఎన్నాళ్లు నిలిచినది అనుదానిని బట్టియే పంట పండును. అవటుగ్రంథి వ్యాధికి ఇచ్చు రేడియోధార్మిక అయొడిన్ విషయము కూడ ఇట్టిదే.

అవటుగ్రంథి, అనగా థైరాయిడ్, మెడకు ముందువైపున ఉండును. అది ఆహారములోని అయొడిన్‌ను గ్రహించి థైరాక్సిన్ అను హార్మోనును తయారుచేయును. ఈ హార్మోను అధికమైనచో గుండెదడ, చేతుల వణకు, ఎంత తినినను బరువు తగ్గుట మొదలగు లక్షణములు కనబడును. అశ్రద్ధ చేసినచో గుండె లయ తప్పవచ్చును. దీనికి మాత్రలు, శస్త్రచికిత్స, రేడియో అయొడిన్ అను మూడు చికిత్సలు గలవు.

1941లో అమెరికాలోని బోస్టన్ నగరమున సాల్ హెర్ట్జ్ అను వైద్యుడు రేడియో అయొడిన్‌తో తొలి చికిత్స చేసెను. నేడు వాడునది అయొడిన్ 131. మన దేశమున దీనిని ట్రాంబేలోని రియాక్టరులో టెల్లూరియముపై న్యూట్రాన్లను ప్రసరింపజేసి తయారుచేయుదురు. దీని అర్ధాయువు 8 రోజులు. రోగి మ్రింగిన ఈ అయొడిన్‌ను గ్రంథి మామూలు అయొడిన్ వలెనే గ్రహించును. అందుండి వెలువడు బీటా కణములు సుమారు రెండు మిల్లీమీటర్లకు మించి పోజాలవు. కావున ప్రధానముగా ఆ గ్రంథి కణములే నశించును.

మోతాదును లెక్కించుటకు గ్రంథి బరువు, అది 24 గంటలలో గ్రహించు అయొడిన్ పాలు తెలియవలెను. గ్రంథి బరువు 40 గ్రాములనుకొందము. గ్రాముకు 100 మైక్రోక్యూరీలు చేరవలెనన్నచో మొత్తము 4,000 కావలెను. గ్రంథి సగమే గ్రహించినచో 8,000 మైక్రోక్యూరీలు, అనగా 8 మిల్లీక్యూరీలు ఈయవలెను. నూటికి 80 వంతులు గ్రహించినచో 5 మిల్లీక్యూరీలు చాలును. గ్రహించిన అయొడిన్‌ను గ్రంథి త్వరగా విడిచిపెట్టినచో మోతాదు పెంచవలసియుండును.

లెక్క సరిగా ఉన్నను ఫలితము అందరియందును ఒకే రీతిగా ఉండదు. మోతాదు చాలనిచో వ్యాధి నిలిచియుండి, మరల చికిత్స అవసరమగును. ఎక్కువైనచో గ్రంథి పనిచేయుట మానును; అప్పుడు జీవితాంతము ప్రతిదినము థైరాక్సిన్ మాత్ర వేసికొనవలెను. ఈ రెండును తప్పించుటకై పూర్వము కొందరు వైద్యులు చిన్న మోతాదులనిచ్చి చూచిరి. అట్టి రోగులలో పలువురికి కొన్ని సంవత్సరముల తరువాత గ్రంథి మందగించినది. అందుచే గ్రేవ్స్ వ్యాధియందు నేడు అనేకులు 10 నుండి 15 మిల్లీక్యూరీల మోతాదు నిచ్చి, వ్యాధిని ఒకేమారు అణచుటకే మొగ్గు చూపుదురు. గుండె బలహీనమైన వృద్ధునకును, పట్టణములోని ఆస్పత్రికి మాటిమాటికి పోజాలని పల్లెవాసికిని అర్ధచికిత్సకన్న ఇదియే మేలు.

గర్భిణులకును, పాలిచ్చు తల్లులకును ఈ చికిత్స ఎంతమాత్రము చేయరాదు. చికిత్స పొందినవారు వైద్యుడు చెప్పినన్ని దినములు పసిపిల్లలకు దూరముగా ఉండవలెను. ఒకటి రెండు నెలలకు రక్తపరీక్ష చేయించుకొని, పిమ్మట కూడ జీవితాంతము ఏటేట పరీక్షింపించుకొనవలెను. దడ తగ్గినదని పరీక్ష మానినవారికి, గ్రంథి మందగించిన సంగతి ఆలస్యముగా తెలియును.