ఎడారిలో వాగు గండం... కడలిలో కాలి గండం

జోర్డాన్‌లో కెమేరా యాత్ర తీరు ఇదీ

డి.ఏ.పి. బస్తా ఎత్తని రైతు మన పల్లెల్లో ఉండడు. ఆ ఎరువుకు కావలసిన ఫాస్ఫేటు రాయి మన దేశానికి వచ్చే చోట్లలో జోర్డాన్ ఒకటి. ఎర్రసముద్రం కొసన ఉన్న అకాబా రేవులో అది ఓడకెక్కుతుంది. జోర్డాన్‌కు ఉన్న సముద్రతీరమల్లా అక్కడే. మొత్తం కలిపి 27 కిలోమీటర్లు.

అదే తీరానికి ఫోటోల పిచ్చి ఉన్నవాళ్ళు కూడా వస్తారు. ముందు ఎడారి కొండల చీలికల్లో కాళ్ళు అరిగేలా నడుస్తారు. తరువాత సముద్రంలో బోర్లా తేలుతూ పగడపు దిబ్బలను చూస్తారు. రెండూ ఒక్క వారంలో అయిపోతాయి. కొండల్లోని పెట్రా నుంచి అకాబాకు రోడ్డున రెండు గంటలే ప్రయాణం.

పెట్రా అంటే రెండు వేల ఏళ్ళనాడు నబతీయులనే అరబ్బు వర్తకులు కొండను తొలిచి చేసుకున్న పట్టణం. లోనికి దారి 'సిక్' అనే చీలిక. దాదాపు 1200 మీటర్ల పొడవు. కొన్నిచోట్ల ఎడ్లబండి పడితే మనిషి పక్కకు తప్పుకోలేనంత ఇరుకు. గోడలు చూస్తే నాలుగు తాటిచెట్లు ఒకదానిమీద ఒకటి నిలబెట్టినంత ఎత్తు. ఎదుటి గోడ మీద పడిన ఎండ ఇవతలి గోడకు ఎరుపు పూస్తుంది. ఆ వెలుగు కోసమే ఫోటోగ్రాఫర్లు తెల్లవారకుండానే బయలుదేరుతారు. చీలిక దాటగానే సుమారు 40 మీటర్ల ఎత్తున, కొండలోనే చెక్కిన ఖజ్నే అనే కట్టడం ఎదురవుతుంది. దాని ముఖాన ఎండ పడేది పొద్దున్న కాసేపే. ఆలస్యమైతే నీడే మిగులుతుంది.

అయితే ఆ చీలికలో భయపడవలసింది ఎండకు కాదు, వానకు.

వాగు చెప్పి రాదు

అరబ్బీలో 'వాదీ' అంటే మన వాగు లాంటిదే. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండిపోయి ఉంటుంది. ఎగువన ఎక్కడో వాన పడితే దిగువన వాగు పొంగడం మనకూ కొత్త కాదు. కాని మన వాగుకు గట్టు ఉంటుంది, ఎక్కి నిలబడవచ్చు. అక్కడ రెండువైపులా నిట్టనిలువు రాయి. పట్టుకుందామన్నా చెట్టుకొమ్మ దొరకదు.

1963 ఏప్రిల్‌లో సిక్‌లో ఉండగా వరద వచ్చి ఇరవైమందికి పైగా ఫ్రెంచి యాత్రికులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. 2018 అక్టోబరు 25న మృతసముద్రం దగ్గర వరదలో 21 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది విహారయాత్రకు వచ్చిన బడిపిల్లలు. తరువాతి నెలలో పెట్రాలోనే వరద వస్తే వేలాది యాత్రికులను హడావుడిగా బయటికి తరలించారు.

ఇందులో విచిత్రమేమంటే, ఆనాటి నబతీయులకు ఈ సంగతి బాగా తెలుసు. చీలిక మొదట్లో కట్ట వేసి, పక్క కొండకు సొరంగం తొలిచి, వరదను అటు మళ్ళించారు. తాగునీటికి గోడల వెంటే కాలువలు చెక్కుకున్నారు. మన చెరువుల అలుగు, తూము చూసినవారికి ఆ తెలివి ఇట్టే అర్థమవుతుంది. ఆలనాపాలనా లేక కట్ట చెడిపోయింది. 1963లో అంతమంది పోయాకగాని దాన్ని తిరిగి కట్టలేదు.

మృతసముద్రంలోకి దిగే ముజీబ్ వాగులో నీళ్ళలోనే నడుస్తూ ఎదురెక్కే దారి ఉంది. దాన్ని ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకానే తెరుస్తారు. తక్కిన నెలల్లో ఎంత డబ్బిస్తామన్నా పోనివ్వరు.

దక్షిణాన వాదీ రమ్ ఎడారి. 'ఆడుజీవితం' సినిమాలో చాలా భాగం తీసింది ఇక్కడే. 2020లో కరోనా వచ్చి ఆ చిత్రబృందం ఇక్కడే చిక్కుబడిపోయింది. యాత్రికులను జీపుల్లో తిప్పేది బెదువిన్లు, అంటే తరతరాలుగా ఎడారిలో ఉన్నవాళ్ళు. ఖజాలీ అనే కొండచీలికలో గోడల మీద పాతకాలపు రాతలు, బొమ్మలు చూపిస్తారు. ఇక్కడి ఇసుక పిండిలా ఉంటుంది. గాలిలో లెన్సు మార్చారంటే కెమేరా పని అయిపోయినట్లే. బెదువిన్ ఆకాశం వంక చూసి వెనక్కి పదమంటే, ఇంకొక్క ఫోటో అని బతిమాలడం తెలివితక్కువ.

అది రాయి కాదు

అకాబాలో కథ తిరగబడుతుంది. కొండలో నీరు మనిషిని చంపితే, ఇక్కడ మనిషి కాలు నీటిలోని ప్రాణిని చంపుతుంది.

పగడపు దిబ్బ చూడటానికి రాయే. కాని దాని పైపొర అంతా బియ్యపుగింజల్లాంటి చిన్న జీవులు. గుండుగా పెరిగే పగడం ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు ఎదుగుతుంది. ఫోటో తీస్తూ నిలదొక్కుకుందామని దానిమీద కాలు మోపితే, ఎన్నో ఏళ్ళ ఎదుగుదల ఒక్క క్షణంలో విరుగుతుంది. మోపినవాడికీ సుఖం లేదు. కొన్ని పగడాలు నిప్పులా మండిస్తాయి. రాయిలా కదలకుండా పడి ఉండే ఒక చేప ముల్లు విషం.

నిజానికి నిలబడవలసిన అవసరమే లేదు. అక్కడి నీటిలో లీటరుకు 40 గ్రాముల దాకా ఉప్పు. మనిషి తేలిగ్గా తేలతాడు. కళ్ళకు అద్దం, నోట్లో గొట్టం, కాళ్ళకు రబ్బరు తెడ్లు ఉంటే చాలు. లోతుకు పోయేకొద్దీ నీరు ముందుగా ఎరుపు రంగును మింగేస్తుంది. అయిదారు మీటర్ల దిగువన ఎర్రచేప కూడా ఫోటోలో బూడిదరంగుగా వస్తుంది. అందుకే తెలిసినవారు ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు, లోతు తక్కువ చోటనే తీస్తారు. 1999లో కావాలని ముంచిన పాత సైనిక శకటం ఒకటి ఆరు మీటర్ల లోతున ఉంది. పైనుంచే కనిపిస్తుంది. దానిమీద ఇప్పుడు పగడం మొలిచింది.

ఈ అఖాతంలోని పగడాలు వేడిని తక్కినచోట్ల వాటికంటే ఎక్కువగా తట్టుకుంటున్నాయని శాస్త్రవేత్తలు కనుగొన్నారు. సముద్రాలు వేడెక్కి ఎన్నోచోట్ల పగడాలు తెల్లబడి చస్తున్న ఈ రోజుల్లో ఇది చిన్న సంగతి కాదు. అలాగని వాటికి దేనితోనూ ముప్పు లేదని కాదు. రేవులో లేచే ఫాస్ఫేటు దుమ్ము, పట్టణపు మురుగు కలిసి అకాబా పగడాలను చంపుతున్నాయని 1982లోనే ఒక పరిశోధన ప్రచురితమైంది. మన పొలంలో పైరుకు బలమిచ్చేదే అక్కడ పగడాల పాలిట విషమైంది. తరువాత దక్షిణాన కొత్త జెట్టీ కట్టారు. ఫాస్ఫేటు ఇప్పుడు దుమ్ము లేవకుండా మూసిన కన్వేయరు మీదుగా ఓడలోకి చేరుతోంది.