గల్ఫ్ ప్రయాణం: ఫిట్ కాగితం వేరు, బీమా కాగితం వేరు

అపోహలు – వాస్తవాలు

డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లాలోని మామిడికుదురు మండలం నుంచీ, దాని చుట్టుపక్కలనున్న రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, పి.గన్నవరం మండలాల నుంచీ కువైట్, ఖతార్, ఒమన్, బహ్రెయిన్, సౌదీ అరేబియా, యు.ఎ.ఇ. దేశాలకు కొన్ని దశాబ్దాలుగా వలస సాగుతోంది. మగవారు డ్రైవర్లుగా, భవన నిర్మాణ కార్మికులుగా వెళ్తుండగా, ఇంటిపనికి వెళ్లేవారిలో మహిళలు ఎక్కువ. వీరందరూ దాటవలసిన గడపలు ప్రధానంగా రెండు: వైరస్‌ల వల్ల వచ్చేవాటితో సహా కొన్ని అంటువ్యాధులు లేవని తేల్చే వైద్యపరీక్ష ఒకటి, పరాయిదేశంలో జబ్బుపడితే ఖర్చు ఎవరు భరిస్తారో నిర్ణయించే ఆరోగ్య బీమా రెండోది.

ఈ రెండింటి ప్రయోజనాలు పూర్తిగా వేరు. వైద్యపరీక్ష ఆతిథ్య దేశపు రక్షణ కోసం ఏర్పడిన వడపోత కాగా, బీమా కార్మికుడి రక్షణ కోసం ఏర్పడిన ఒప్పందం. గ్రామాల్లో వినిపించే అపోహల్లో చాలావరకు ఈ తేడా చెరిగిపోవడం వల్ల పుట్టినవే. ఆ అస్పష్టతే మధ్యవర్తులకు ఆదాయమార్గం కూడా అవుతోంది.

అపోహ 1: మెడికల్ ఫిట్ వస్తే గల్ఫ్‌లో వైద్యం ఉచితం.

వాస్తవం: గల్ఫ్ సహకార మండలిలోని ఆరు దేశాలు తమ దేశానికి వచ్చే కార్మికులను వారి స్వదేశంలోనే, తాము గుర్తించిన కేంద్రాల్లో పరీక్షింపజేస్తాయి. పూర్వం గామ్కా అనే పేరుతో నడిచిన ఈ ఏర్పాటు ఇప్పుడు వాఫిద్ అనే ఆన్‌లైన్ వ్యవస్థ ద్వారా సాగుతోంది. ఆ కేంద్రం ఇచ్చే నివేదిక ‘ఫిట్’ లేదా ‘అన్‌ఫిట్’ అని మాత్రమే చెబుతుంది, అంటే వీసా ముద్రణకు ఆరోగ్యపరమైన అడ్డు ఉన్నదా లేదా అన్న ఒక్క ప్రశ్నకే అది జవాబు. పరీక్ష కోసం చెల్లించిన రుసుములో బీమా ప్రీమియం ఏమీ కలిసి ఉండదు కనుక, ఆ కాగితాన్ని చూపితే ఏ గల్ఫ్ ఆసుపత్రీ ఉచితంగా చికిత్స ఇవ్వదు.

అపోహ 2: ఇక్కడ ఫిట్ అయితే అక్కడ మళ్లీ పరీక్ష ఉండదు, ఒకవేళ తేడా వచ్చినా ఏజెంటు సర్దుబాటు చేస్తాడు.

వాస్తవం: స్వదేశంలో జరిగేది తొలి వడపోత మాత్రమే. గల్ఫ్ చేరిన తరువాత అకామా, అంటే నివాస అనుమతి, మంజూరయ్యే ముందు అక్కడి ప్రభుత్వ ఆమోదం ఉన్న వైద్యకేంద్రంలో రక్తపరీక్ష, ఛాతీ ఎక్స్‌రే తిరిగి చేస్తారు. అందులో నిషిద్ధ జాబితాలోని వ్యాధి బయటపడితే అకామా ఆగిపోయి, కార్మికుడు వెనక్కి రావలసి వస్తుంది. స్వదేశ కేంద్రం తన నివేదికను నేరుగా ఆన్‌లైన్‌లో నమోదు చేస్తుంది గనుక దొంగ కాగితం సృష్టించి లాభం లేదు. ఒకరి బదులు మరొకరి రక్తం ఇప్పించి ఇక్కడ గట్టెక్కినా, అక్కడి పరీక్ష సూదికి చెయ్యి చాపవలసింది అసలు మనిషే. పైగా, వైరస్ శరీరంలో చేరిన తొలి రోజుల్లో పరీక్షకు చిక్కని వ్యవధి ఒకటి ఉంటుంది. నాలుగో తరం హెచ్.ఐ.వి. పరీక్ష విషయంలో అది సుమారు 18 నుంచి 45 రోజులు. అందువల్ల నిజాయితీగా జరిగిన రెండు పరీక్షల ఫలితాలు కూడా ఒక్కోసారి భిన్నంగా రావచ్చు.

అపోహ 3: అన్‌ఫిట్ అంటే ఎయిడ్స్ అన్నట్టే.

వాస్తవం: ఊరిలో ఒక మనిషి పరువును ఒక్క పూటలో తీసేయగల అపోహ ఇదే. పరీక్షల జాబితాలో హెచ్.ఐ.వి.తో పాటు హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, క్షయ, సిఫిలిస్, మలేరియా, ఫైలేరియా కూడా ఉన్నాయి. మహిళలకు గర్భ నిర్ధారణ పరీక్ష చేస్తారు. కాలేయం, మూత్రపిండాలు, రక్తంలో చక్కెర తీరునూ చూస్తారు. వీటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా నివేదిక ఆగవచ్చు. బోదకాలు వ్యాధికి కారణమైన ఫైలేరియా గోదావరి డెల్టాలో దీర్ఘకాలంగా ఉన్న జబ్బు కనుక కోనసీమవాసులకు ఈ పేరు కొత్తది కాదు. దాని క్రిములు సాధారణంగా రాత్రివేళ రక్తప్రవాహంలోకి వస్తాయి కాబట్టే ఆరోగ్య సిబ్బంది రాత్రిపూట రక్తపు పూతలు సేకరించే పద్ధతి ఏర్పడింది.

ఎప్పుడో నయమైన క్షయ ఊపిరితిత్తిపై మిగిల్చిన మచ్చ ఎక్స్‌రేలో కనిపించి అడ్డుపడడం మరొక సందర్భం. వ్యాధి ఇప్పుడు లేకపోయినా మచ్చ చెరగదు. అందుచేత చికిత్స పూర్తిచేసిన పత్రాలను దాచుకోవడం అవసరం. హెపటైటిస్ సి విషయంలోనూ ఇటువంటి చిక్కే ఉంది. తొలి పరీక్ష వెదికేది వైరస్‌ను కాదు, దానిపై శరీరం తయారుచేసిన ప్రతిరక్షకాలను. నోటిమాత్రలతో, సాధారణంగా 12 వారాల్లో, వైరస్ పూర్తిగా తొలగిపోయిన తరువాత కూడా ఆ ప్రతిరక్షకాలు ఏళ్ల తరబడి నిలిచి ఉంటాయి. వైరస్ ఇంకా ఉన్నదో లేదో చెప్పగలిగేది దాని జన్యుపదార్థాన్ని వెదికే ఆర్.ఎన్.ఎ. పరీక్షే.

అపోహ 4: కామెర్లు రాలేదు కనుక హెపటైటిస్ బి ఉండదు, ఉన్నా పసరు మందుతో పోతుంది, టీకా వేయించుకుంటే మాత్రం పాజిటివ్ వస్తుంది.

వాస్తవం: ఒకే జబ్బు చుట్టూ అల్లుకున్న మూడు పొరపాట్లివి. హెపటైటిస్ బి వైరస్ ఏ లక్షణమూ చూపకుండా కాలేయంలో సంవత్సరాల తరబడి ఉండగలదు, అందువల్ల కళ్లు పచ్చబడని మనిషికి కూడా పరీక్షలో పాజిటివ్ రావచ్చు. తాత్కాలికమైన కామెర్లు చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి కనుక పసరు మందుకు పేరు వచ్చింది గాని, దీర్ఘకాలిక హెపటైటిస్ బి వైరస్‌ను ఆకుపసరు తొలగించినట్టు శాస్త్రీయమైన ఆధారం లేదు.

ఇక టీకా సంగతి. వలస పరీక్షలో వెదికేది వైరస్ పైపొరకు చెందిన ప్రోటీన్‌ను కాగా, టీకా వల్ల రక్తంలో నిలిచేది ఆ ప్రోటీన్‌ను ఎదుర్కొనే ప్రతిరక్షకం. టీకా వేసిన తరువాత కొద్ది రోజులు, మహా అయితే రెండున్నర వారాలు, టీకాలోని ప్రోటీన్ జాడ కొందరిలో కనిపించవచ్చు గనుక, పరీక్షకు ముందురోజుల్లో కాక కొన్ని వారాల ముందే టీకా తీసుకోవడం మేలు. ఈ టీకా 2011 నాటికి గాని దేశమంతటా శిశువుల టీకాల జాబితాలో చేరలేదు. నేడు గల్ఫ్‌కు వెళ్లే వయసులో ఉన్న వారంతా దానికి ముందు పుట్టినవారే. యు.ఎ.ఇ. వంటి దేశం హెపటైటిస్ బి పరీక్షను అందరికీ కాక ఇంటిపనివారు, శిశుసంరక్షకులు, ఆహారం వడ్డించేవారు, సెలూన్లలో పనిచేసేవారు వంటి కొన్ని వర్గాలకే విధిస్తుంది. కోనసీమ నుంచి ఇంటిపనికి వెళ్లే మహిళలు సరిగ్గా ఆ వర్గంలోకి వస్తారు.

అపోహ 5: గల్ఫ్ దేశాలు అడుగుతున్నాయి కనుక హెచ్.ఐ.వి. ఫలితాన్ని ఏజెంటు ఎవరికైనా చెప్పవచ్చు.

వాస్తవం: 2017లో పార్లమెంటు ఆమోదించి, 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లోకి వచ్చిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం ప్రకారం, వివరించి పొందిన సమ్మతి లేనిదే పరీక్ష జరపకూడదు. ఫలితాన్ని ఆ వ్యక్తి అనుమతి లేకుండా వెల్లడించడం, చట్టం పేర్కొన్న కొద్ది సందర్భాల్లో తప్ప, నిషిద్ధం. అయితే ఈ చట్టం భారతదేశ సరిహద్దుతో ఆగిపోతుంది. ఏ విదేశీయుడికి నివాస అనుమతి ఇవ్వాలో నిర్ణయించుకునే అధికారం ఆయా దేశాలదే గనుక, హెచ్.ఐ.వి. ఉన్న విదేశీ కార్మికుడికి గల్ఫ్ దేశాలు అకామా ఇవ్వకపోవడాన్ని భారతీయ న్యాయస్థానం ఆపలేదు. ఇటువంటి ఆంక్షల వల్ల ప్రజారోగ్యానికి మేలు లేదని ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ విభాగం చాలాకాలంగా వాదిస్తోంది. అమెరికా 2010లో తన ఆంక్షను ఎత్తివేసింది. అయినా 2019 నాటి లెక్కలో సుమారు 48 దేశాల్లో, ప్రాంతాల్లో ఏదో ఒక రూపంలో అవి మిగిలే ఉన్నాయి. వీసా దొరకకపోవడం చికిత్స దొరకకపోవడం కాదన్నది మరచిపోకూడదు: హెచ్.ఐ.వి. మందులు ప్రభుత్వం 2004 నుంచి, హెపటైటిస్ బి, సి పరీక్షలు, మందులు 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఉచితంగా ఇస్తోంది.

అపోహ 6: అకామా ఉంటే బీమా ఉన్నట్టే, ఆ ప్రీమియాన్ని కార్మికుడే కట్టుకోవాలి.

వాస్తవం: ఈ ఏర్పాట్లు దేశానికొక రకంగా ఉన్నాయి. కువైట్ 1999 నాటి చట్టంతో విదేశీయుల ఆరోగ్య బీమాను నివాస అనుమతితో ముడిపెట్టింది. అక్కడి ఇంటిపనివారి కోసం చేసిన 2015 నాటి 68వ చట్టం భోజనం, బట్టలు, వసతితో పాటు వైద్యాన్ని కూడా కఫీల్ బాధ్యతగా, అంటే వీసా ఇచ్చిన యజమాని బాధ్యతగా, పేర్కొంది. దుబాయ్ 2013 నాటి 11వ చట్టంతో ఉద్యోగి బీమా భారాన్ని యజమానిపై ఉంచగా, యు.ఎ.ఇ.లో అప్పటిదాకా ఈ నిబంధన లేని ఎమిరేట్లలో ప్రైవేటు ఉద్యోగులకు, ఇంటిపనివారికి 2025 జనవరి 1 నుంచి బీమా తప్పనిసరి అయింది. సౌదీలో సంస్థల ఉద్యోగులకు యజమాని బీమా ఎప్పటినుంచో ఉన్నా, ఇంటిపనివారి విషయంలో 2024 జూలై నుంచి వచ్చిన నిబంధన నలుగురికి మించి పనివారున్న ఇళ్లకే వర్తించింది. ఖతార్ 2021 నాటి 22వ చట్టంతో ఆరోగ్య బీమాను చట్టబద్ధం చేసి, సందర్శకులకు 2023 ఫిబ్రవరి నుంచి అమలు చేసింది. కాని సందర్శకుల పాలసీ అత్యవసర చికిత్సకే పరిమితం.

కనుక, ఒక దేశంలో వంటమనిషిగా ఉన్న మహిళకు దొరికే రక్షణ పక్క దేశంలో అదే పనిచేసే ఆమె చెల్లెలికి దొరకకపోవచ్చు. అకామా గడువు తీరిపోయినా, కఫీల్ ఇంటినుంచి వెళ్లిపోయి వేరేచోట పనిచేస్తున్నా బీమా రక్షణ సైతం చేజారుతుంది. గల్ఫ్ తెలుగువారి వాడుకలో ఇలా ‘కల్లివల్లి’ అయిన వారికి అసలు కష్టం జ్వరం వచ్చిన రోజునే తెలుస్తుంది.

అపోహ 7: ప్రవాసీ భారతీయ బీమా విదేశానికి వెళ్లిన ప్రతివారికీ వర్తిస్తుంది, ఆసుపత్రి ఖర్చంతా అదే భరిస్తుంది.

వాస్తవం: కేంద్రం 2003లో ప్రారంభించిన ప్రవాసీ భారతీయ బీమా యోజన, పదో తరగతి పూర్తిచేయని కారణంగా వలస అనుమతి అవసరమయ్యే పాస్‌పోర్టుతో, గల్ఫ్ సహా 18 దేశాలకు ఉద్యోగ వీసాపై వెళ్లేవారికి తప్పనిసరి. ప్రీమియం రెండేళ్లకు రూ.275, మూడేళ్లకు రూ.375. ప్రమాదంలో మరణించినా, శాశ్వత వైకల్యం కలిగినా రూ.10 లక్షలు లభిస్తాయి. యజమాని మారినా పాలసీ చెల్లుతుంది. అయితే ఆసుపత్రి చికిత్సకు దాని పరిమితి రూ.1 లక్ష. ఒక దినారు రూ.270కి పైగా పలికే కువైట్‌లో ఆ మొత్తం 400 దినార్లకు కూడా చాలదు. ఇది ప్రధానంగా ప్రమాద బీమా అన్నమాట. యజమాని ఇవ్వవలసిన ఆరోగ్య బీమాకు ప్రత్యామ్నాయం కాదు. ప్రవాసాంధ్రుల సంస్థ ఏపీఎన్ఆర్‌టీ నిర్వహించే ప్రవాసాంధ్ర భరోసా కూడా రూ.10 లక్షల ప్రమాద రక్షణ ఇచ్చే పథకమే.

విజిట్ వీసాపై పంపించి తరువాత అకామా కొట్టిస్తామనే మాట నమ్మి వెళ్లినవారు ఈ మొత్తం ఏర్పాటుకు వెలుపలే ఉండిపోతారు, ఎందుకంటే ఆ బీమా వలస అనుమతి ప్రక్రియతో ముడిపడినది. ఈ తరగతి పాస్‌పోర్టుతో ఇంటిపనికి వెళ్లే మహిళలకు 30 ఏళ్ల కనీస వయసు, 2016 ఆగస్టు నుంచి ఓంక్యాప్ వంటి ప్రభుత్వ సంస్థల ద్వారానే నియామకం అన్న షరతులు ఉన్నాయి. వాటిని తప్పించుకోవడానికే విజిట్ వీసా దారి ఎక్కువగా వాడుకలోకి వచ్చింది. ఏ బీమా లేని భారతీయుడికి కూడా పూర్తిగా తలుపులు మూసుకుపోవు: 2009లో ఏర్పడిన భారతీయ సమాజ సంక్షేమ నిధి నుంచి రాయబార కార్యాలయాలు అత్యవసర వైద్యానికీ, భౌతికకాయం తరలింపుకీ ఆర్థిక స్థితిని పరిశీలించి సాయం చేయగలవు. కాని అది విచక్షణతో ఇచ్చే సాయమే తప్ప పాలసీదారుడి హక్కు కాదు.

అపోహ 8: ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే ఎక్కడైనా చెల్లుతుంది.

వాస్తవం: 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా పిలుస్తున్న పథకం, దాన్ని నిర్వహించే ట్రస్టుతో ఒప్పందం ఉన్న ఆసుపత్రుల్లోనే పనిచేస్తుంది; అలాంటి ఆసుపత్రి ఏదీ విదేశంలో లేదు.

అపోహ 9: కోవిడ్ పరీక్ష, టీకా పత్రం లేకుండా విమానం ఎక్కనివ్వరు.

వాస్తవం: 2020–22 మధ్య ప్రయాణానికి 72 గంటలలోపు ఆర్.టి.పి.సి.ఆర్. పరీక్ష, క్వారంటైన్, టీకా వంటి షరతులు దేశానికొకటిగా, నెలకొకటిగా మారిన మాట నిజం. విదేశాలకు వెళ్లేవారి కోసం కోవిషీల్డ్ రెండో డోసును 28 రోజులకే వేయించుకునేందుకు 2021 జూన్‌లో కేంద్రం వీలు కల్పించింది కూడా. ఆ షరతులు తాత్కాలికమైనవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న అత్యవసర స్థితి ముగిసిందని ప్రకటించే నాటికే చాలా దేశాలు వాటిని ఉపసంహరించుకున్నాయి. నివాస అనుమతికి సంబంధించిన పరీక్షలు మాత్రం కోవిడ్‌కు ముందూ ఉన్నాయి, తరువాతా ఉన్నాయి.

ఈ వాస్తవాల నుంచి తేలే ఆచరణ క్రమం ఒకటుంది. పాస్‌పోర్టుకు, పరీక్షకు, ప్రయాణానికి వడ్డీకి అప్పు తెచ్చిన తరువాత నివేదిక అన్‌ఫిట్‌గా రావడమే కోనసీమ కుటుంబాలను ఎక్కువగా దెబ్బతీసే సంఘటన. అమలాపురం వంటి చోట్ల ఉన్న ప్రభుత్వ ఆసుపత్రుల్లోని సమీకృత సలహా, పరీక్షా కేంద్రాల్లో హెచ్.ఐ.వి. పరీక్ష, ప్రభుత్వ వైద్యశాలల్లో క్షయ నిర్ధారణ రుసుము లేకుండా, గోప్యంగా జరుగుతాయి గనుక అప్పుకు ముందే వాటిని చేయించుకోవడం వివేకం. ఆ పైన, ఒప్పందపత్రంలో బీమా ఎవరు కడతారో, ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో, ఇంటిపనివారికి వర్తిస్తుందో లేదో రాయించుకోకుండా సంతకం చేయకూడదు. ఏజెంటు నోటిమాటగా ఇచ్చే హామీని ఏ ఆసుపత్రి బిల్లు కౌంటరూ అంగీకరించదు.