కిక్రి పాటకుల బ్రతుకు

గోదావరి దాటి ఉత్తరముగా ఉట్నూరు, జైనూరు ప్రాంతపు గూడెములకు పోయినవారికి, పెండ్లి వేళనో దేవర కొలుపు వేళనో, ఒక తీగవాద్యపు సన్నని జీర వినవచ్చును. దానిని కిక్రి యందురు. మూడు తీగలు, తోలు కప్పిన చెక్కడొల్ల, ఒక చిన్న విల్లు, సామగ్రి యింతే. కచేరీ ఫిడేలుకు అలవాటుపడిన చెవికి ఇది మోటుగా తోచును. కాని రాజ్‌గోండుల పురాణమంతయు ఈ మోటు వాద్యము వెంటనే తరతరములుగా నడచివచ్చినది.

చిత్రమేమన, వాయించువాడు గోండు కాడు. అతడు పర్ధాను, కొన్ని యెడల తోటి. గోండులు నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల వారుగా సగలై యున్నారు. ఒక్కొక్క సగకు ఒక్కొక్క కథ కలదు. ఒక్కొక్క గోండు వంశమునకు తనదైన పర్ధాను కుటుంబము కలదు. ఆ యింటి పెండ్లికి, పెర్సాపెన్ కొలుపునకు, చావునకు అతడు రావలసినదే. అతడు పాడనిదే ఆ కర్మ ముగిసినట్లు కాదు. ఐనను అతని యింటి అన్నము ముట్టుట గోండులకు ఆచారము కాదు. మఱియొక వింత: పర్ధానులు ఇంట మాటాడునది మరాఠీ, పాడునది గోండి. ఇతరుల వంశచరిత్రను ఇతరుల భాషలో కంఠస్థము చేయుటయే వృత్తిగా గలవారు లోకమున ఎందరుందురు?

పాటకు నెలజీతము లేదు. ధాన్యము, బట్ట, కొన్ని వేళల పశువు. ఇచ్చువాని చేయి ఎంత చాచిన అంత. మిగిలిన దినములలో పలువురకు సేద్యమే, లేదా కూలియే ఆధారము. నిజాం కాలమున అడవులు సర్కారు హద్దులలోనికి పోయి, భూములు పరుల చేతబడి గోండు గాదె వట్టిపోగా, పాటకుని వంతు కూడ దానితోనే తరిగినది. 1940లో జోడేఘాట్ వద్ద కుమ్రం భీము నేలకొరిగిన పిమ్మట సర్కారు హైమండార్ఫ్ పండితుని ఆ ప్రాంతమునకు పంపినది. ఆయన మార్లవాయిలో నివసించి, పర్ధానుల నోట విన్న కథలను 1948 నాటి తన గ్రంథమున పదిలపరచెను. అక్కడనే 1943లో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రము వెలసినది. ఉపాధ్యాయులకు ఆసక్తికరమగు సంగతి యొకటి: ఆ తరువాతి కాలమున చదువును గోండుల కంటె ముందుగా అందుకొన్నవారు పర్ధానులే. కొలువులు దొరకినవి. కొన్ని యిండ్లలో కిక్రి గోడకెక్కినది. ఇందుకు వారిని నిందించుట తగదు. కొడుకు కడుపు నిండవలెనని కోరని తండ్రి యెవడు?

కరీంనగరము వైపు చూచినచో ఒగ్గుకథకుని దారి వేఱు. మల్లన్న కథ వినుటకు ఊరంతయు వచ్చును. అందుచేతనే హన్మాజీపేట మిద్దె రాములు వంటివారు వేదికలెక్కి పేరు గడింపగలిగిరి. కిక్రి పాట ఒక వంశపు సొత్తు. దానిని వేదికపై పది నిమిషములు పాడిన చప్పట్లు వచ్చును గాని, అది పని కాదు. పడమటి ఆఫ్రికాలోని గ్రియోలను వంశగాయకులదియు ఇట్టి బ్రతుకే. అమెరికాలో నీగ్రో కూలీల నడుమ పుట్టి గిటారుపై దేశము తిరిగిన బ్లూసు పాటకు ఆ గ్రియోల బాణీ మూలములలో ఒకటని చెప్పు పండితులు కలరు. మధ్యప్రదేశమున ఇదే పర్ధాను కులస్థుడగు జన్‌గఢ్ సింగ్ శ్యాం పాటలోని దేవతలను రంగులలోనికి దింపి జగద్విఖ్యాతుడయ్యెను. 2001లో జపానులో మరణించెను.

నార్నూరు మండలములోని గుంజాలలో గోండి లిపి వ్రాతప్రతులు బయల్పడినపుడు, వానిని దాచి చదువనేర్చిన పెద్దలు పర్ధానులే యని తేలినది. ఆ లిపి 2018లో యూనికోడులో చేరినది. ఆదిలాబాదు ఆకాశవాణి గోండిలో కార్యక్రమములు ప్రసారము చేసినది.

ఇక కేస్లాపూర్ నాగోబా జాతరకు, పుష్య అమావాస్యకు ముందు, మెస్రం వంశీయులు గోదావరి జలమునకై కాలినడకన బయలుదేరుదురు. వారి వెంట పర్ధానులు నడతురు. విడిది చేసిన చోట కిక్రి తీగ సవరించి కథ నెత్తుకొందురు.